"అక్రాస్ ద ఐల్" అంటే ఏమిటి, ఎక్కడ వాడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసే డెస్కులో చాలా ఏళ్లు పనిచేశాను. డెస్కులో కొత్తగా చేరిన పిల్లలు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకు ఇంట్లో ఆరు నెలలు ఉండడానికి వెళ్లి అక్కడి టీవీ చూస్తున్న పెద్దవాళ్లు, అందరూ ఈ మాట దగ్గర ఆగి నన్నే అడుగుతుంటారు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవనక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మాట మొదటిసారి చెవిన పడినప్పుడు

"అక్రాస్ ద ఐల్" అంటే ఒక్క ముక్కలో ఏమిటి?

ఐల్ అంటే సీట్ల వరసల మధ్య నడిచే దారి. అమెరికా చట్టసభలో ఆ దారికి ఒక పక్క ఒక పార్టీ, రెండో పక్క రెండో పార్టీ కూర్చుంటాయి. అందుకే "ఐల్‌కి అవతలివాళ్లు" అంటే ఎదుటి పార్టీవాళ్లు అని అర్థం. "రీచ్ అక్రాస్ ద ఐల్" అంటే ఎదుటి పార్టీవాళ్లతో కలిసి ఒక పని చేయడం. అయితే తన పార్టీని వదలకుండా, తన సీట్లోనే ఉంటూ చేయడం. మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ చివరి ముక్క దగ్గరే.

దీన్ని ఎలా పలకాలి? ఐస్లే అనా, ఐజిల్ అనా?

ఐల్. అంతే. మధ్యలో ఉన్న ఎస్ పలకదు. ద్వీపానికి వాడే "ఐల్" అనే ఇంకో మాట ఉంది, పలకడం రెండిటినీ ఒకేలా పలుకుతారు. అసలు ఆ ద్వీపం మాటతో కలగాపులగం కావడం వల్లే దీనిలోకి ఎస్ వచ్చి కూర్చుంది. స్పెల్లింగ్‌లో చేరింది గానీ ఎవరి నోటా పలకలేదు.

విమానంలో ఐల్ సీటు అంటారు, అమెరికా కిరాణా షాపులో "ఐల్ సెవెన్" అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

మాట ఒకటే. మన ఆర్టీసీ బస్సులో కండక్టర్ జనాన్ని తోసుకుంటూ వెళ్లి టికెట్లు ఇచ్చే ఆ సందు ఉంది చూడండి, అదే ఐల్. విమానంలో దాని పక్క సీటు ఐల్ సీటు. షాపులో "ఐల్ సెవెన్" అంటే ఏడో వరస. "వాక్ డౌన్ ద ఐల్" అంటే పెళ్లి చేసుకోవడం, ఎందుకంటే చర్చిలో పెళ్లికూతురు ఆ దారి వెంటే నడిచి వస్తుంది. "రోలింగ్ ఇన్ ద ఐల్స్" అంటే హాల్లో జనం పడీ పడీ నవ్వడం. కాంగ్రెస్ (మన పార్టీ కాదు, అమెరికా చట్టసభ), సెనేట్, బిల్లు, ఓటు లాంటి మాటలు పక్కన ఉంటేనే అది రాజకీయపు ఐల్.

ఐల్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు గానీ నాకు బాగా ఇష్టమైనది ఇదే. లాటిన్‌లో "ఆలా" అంటే రెక్క. పాత ఫ్రెంచి మీదుగా అది ఇంగ్లిష్‌లోకి వచ్చింది. పెద్ద చర్చిల్లో నడిమి భాగానికి అటూ ఇటూ రెక్కల్లా ఉండే భాగాలను మొదట ఆ పేరుతో పిలిచారు. కాలం గడిచేకొద్దీ వరసల మధ్య దారి ఏదైనా ఐల్ అయిపోయింది.

ఇప్పుడు మన మాట చూడండి. సంస్కృతంలో పక్షం అంటే రెక్క. రెక్కలున్నది పక్షి. నెలకి కూడా రెండు రెక్కలు: శుక్లపక్షం, కృష్ణపక్షం. పెళ్లిలో ఆడపెళ్లివారు ఒక పక్షం, మగపెళ్లివారు ఒక పక్షం. సభలో అధికారపక్షం, ప్రతిపక్షం. అంటే ఒకరినొకరు అడక్కుండానే రెండు భాషలూ రెక్క దగ్గర బయల్దేరి చట్టసభలో వాలాయి. ఒక్కటే తేడా. ఇంగ్లిష్‌వాళ్ల రెక్క మధ్యలో ఉన్న దారికి పేరైంది. మన రెక్క అటూ ఇటూ ఉన్న మనుషులకు పేరైంది. మధ్య దారికి మనం పేరే పెట్టుకోలేదు. ఈ మాటని తెలుగు చేయబోతే చేతికి చిక్కనిది అందుకేనని నా అనుమానం.

## అమెరికా సభలో అది ఎలా ఉంటుంది

ఆ దారి నిజంగా ఉందా, మాటవరసకి అంటారా?

నిజంగానే ఉంది. వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో 435 మంది ఓటింగ్ సభ్యుల ప్రతినిధుల సభ, 100 మంది సభ్యుల సెనేట్ ఉన్నాయి. రెండిట్లోనూ సీట్లు అర్ధచంద్రాకారంలో ఉంటాయి, మధ్యలో దారి. అధ్యక్ష స్థానంలో కూర్చున్నవారికి కుడిచేతి వైపు డెమోక్రాట్లు, ఎడమచేతి వైపు రిపబ్లికన్లు. సభకి ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి ఇది తారుమారుగా కనిపిస్తుంది.

సెనేట్‌లో ఎవరి బల్ల వాళ్లదే. ఎన్నికల తర్వాత ఒక పార్టీ బలం పెరిగితే కొన్ని బల్లల్ని దారికి అటు నుంచి ఇటు జరుపుతారు. ప్రతినిధుల సభలో 1913 నుంచి ఎవరికీ ఫలానా సీటంటూ లేదు. ఎక్కడైనా కూర్చోవచ్చు. అయినా ఎవరి వైపు వాళ్లు కూర్చుంటారు, క్లాసులో ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఒక వైపు సర్దుకున్నట్టు.

అధ్యక్షుడు ప్రసంగించే రోజున సగం హాలు లేచి చప్పట్లు కొడుతుంటే మిగతా సగం కూర్చునే ఉంటుందేం?

ఐల్ అంటే ఏమిటో కళ్లారా చూడాలంటే "స్టేట్ ఆఫ్ ద యూనియన్" ప్రసంగమే చూడాలి. రాత్రి తొమ్మిది దాటాక వెనక తలుపు తెరుచుకుంటుంది. అధ్యక్షుడు వస్తున్నారని సభ అధికారి గట్టిగా ప్రకటిస్తారు. అధ్యక్షుడు మధ్య దారిలోనే నడిచి వస్తాడు. చేతులు కలపడానికి, టీవీలో పడడానికి దారి పక్క సీట్ల కోసం కొందరు సభ్యులు గంటల ముందే వచ్చి కూర్చుంటారు. ఇది మన పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీల మీద చేతిగుడ్డ వేసి ఉంచడం లాంటిదే.

ప్రసంగం మొదలయ్యాక తన పార్టీవాళ్లు ప్రతి రెండు నిమిషాలకీ లేచి చప్పట్లు కొడతారు. అవతలివాళ్లు ఒళ్లో చేతులు పెట్టుకుని చూస్తుంటారు. సైనికుల ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఇరుపక్షాలూ లేస్తాయి. ఆ దారి వెంట గీత గీసినట్టు హాలు రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

ఒక్కసారి ఆ గీత కాస్త చెరిగింది. 2011 జనవరి 8న ఆరిజోనాలోని టూసాన్‌లో ప్రతినిధుల సభ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్ మీద కాల్పులు జరిగాయి. ఆమె బతికి బయటపడ్డారు గానీ ఆరుగురు చనిపోయారు. ఆ నెల 25న జరిగిన ప్రసంగానికి రెండు పార్టీల సభ్యులు కలిసి కూర్చోవాలని సెనేటర్ మార్క్ యుడాల్ ప్రతిపాదించారు. చాలామంది అలాగే కూర్చున్నారు. ఆ రోజు ఎవరు ఎప్పుడు లేవాలో తెలియక చప్పట్లు అక్కడొకటి ఇక్కడొకటి పడ్డాయి.

ఎదుటి పార్టీతో కలిసి ఓటేస్తే సభ్యత్వం పోదా?

అమెరికాలో పోదు. అలాంటి చట్టమే లేదు. పార్టీ నాయకులు కోప్పడతారు, మంచి కమిటీలో చోటు దక్కకపోవచ్చు, తర్వాతి ప్రైమరీ ఎన్నికలో, అంటే పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో, సొంత పార్టీ ఓటర్లే ఓడించవచ్చు. ఆ ప్రైమరీ భయం చిన్నదేమీ కాదు. కానీ సీటు మాత్రం పదవీకాలం అయ్యేవరకు ఆయనదే.

అందరికీ గుర్తుండే ఉదాహరణ జాన్ మెకెయిన్. 2017 జూలై 28న, ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంలో కొన్ని భాగాలను రద్దు చేసేందుకు ఆయన సొంత రిపబ్లికన్ పార్టీ పెట్టిన ప్రతిపాదన సెనేట్‌లో ఓటింగ్‌కి వచ్చింది. వాషింగ్టన్‌లో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర, మనకి పగలు పదకొండు. మెకెయిన్ క్లర్కుల బల్ల ముందుకి వచ్చి చెయ్యి చాచి, ఒక్క క్షణం ఆగి, బొటనవేలు కిందికి తిప్పారు. సుసాన్ కాలిన్స్, లీసా మర్కౌస్కీ అనే ఇంకో ఇద్దరు రిపబ్లికన్లు కూడా వ్యతిరేకంగానే ఓటేశారు. 49–51తో ప్రతిపాదన వీగిపోయింది.

ఆ రోజు డెస్కులో నేనే ఉన్నాను. ఇంగ్లిష్ కాపీలో "మెకెయిన్ క్రాస్డ్ ద ఐల్" అని ఉంటే కంగారులో "మెకెయిన్ పార్టీ ఫిరాయింపు" అని శీర్షిక కొట్టాను. పక్క కుర్చీలో ఉన్న సీనియర్ తల తిప్పి చూసి, "ఆయన ఎక్కడికీ పోలేదురా బాబూ, వేలు ఒక్కటే కిందికి పోయింది" అన్నారు. మెకెయిన్ మరుసటి ఏడాది ఆగస్టులో చనిపోయేదాకా రిపబ్లికన్‌గానే ఉన్నారు.

నిజంగా పార్టీ మారినవాళ్లు అమెరికాలో లేరా?

ఉన్నారు, తక్కువ. 2001లో వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీని వదిలి ఇండిపెండెంట్‌గా డెమోక్రాట్ల వైపు చేరారు. అప్పటికి సెనేట్ 50–50గా ఉంది. ఆయన ఒక్కరి కదలికతో సభ మీద పట్టు రిపబ్లికన్ల చేతి నుంచి డెమోక్రాట్ల చేతికి మారింది. 2009లో పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ రిపబ్లికన్ పార్టీ నుంచి డెమోక్రాట్లలోకి వెళ్లారు. ఇలాంటివాటికి ఇంగ్లిష్ పత్రికలు ఎక్కువగా "స్విచ్డ్ పార్టీస్" అని రాస్తాయి. ఇక్కడ "ఫిరాయించారు" అని నిర్భయంగా రాయవచ్చు.

"బైపార్టిజన్" అంటే కూడా ఇదే కదా?

దగ్గరిదే గానీ వాడుక వేరు. బైపార్టిజన్ అనేది పనికి అంటించే ముద్ర: బైపార్టిజన్ బిల్లు, బైపార్టిజన్ కమిటీ. "అక్రాస్ ద ఐల్" మనిషి చేసే పనిని చూపిస్తుంది: చెయ్యి చాచాడు, కలిసి పనిచేశాడు. ఎన్నికల ఖర్చుకు ముక్కుతాడు వేస్తూ రిపబ్లికన్ మెకెయిన్, డెమోక్రాట్ రస్ ఫైన్‌గోల్డ్ కలిసి తెచ్చిన 2002 నాటి చట్టం పేరులోనే బైపార్టిజన్ అని ఉంది. వాళ్లిద్దరూ చేసింది అక్రాస్ ద ఐల్ పని. బైపార్టిజన్‌లో "బై" అంటే రెండు. పది పార్టీలున్న మన సభలకు ఆ మాట అతకదు.

"మై ఫ్రెండ్స్ అక్రాస్ ద ఐల్" అంటుంటారు, నిజంగా స్నేహితులేనా?

ఒక్కోసారి అవును. ఎక్కువసార్లు మర్యాద. మన సభల్లో "గౌరవ సభ్యులు" అని మొదలుపెట్టి దులిపేయడం లేదూ, అలాంటిదే. తర్వాతి వాక్యం వింటే ఏ స్నేహమో తెలిసిపోతుంది.

## బ్రిటన్, ఫ్రాన్స్ నుంచి వచ్చిన చుట్టపు మాటలు

"క్రాస్ ద ఫ్లోర్" కూడా ఇదేనా?

కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. బ్రిటన్ కామన్స్ సభలో బెంచీలు ఎదురెదురుగా ఉంటాయి, రైలు పెట్టెలో సీట్లలా. మధ్యలో ఖాళీ నేల. ఆ తివాచీ మీద రెండు ఎర్ర గీతలుంటాయి, మాట్లాడే సభ్యుడు తన గీత దాటకూడదు. రెండు కత్తుల పొడవు దూరం అని పూర్వం నుంచి చెప్పుకుంటారు. ఆ నేల దాటి ఎదుటి బెంచీలో కూర్చోవడమంటే పార్టీ మారడమే.

1904 మే 31న విన్‌స్టన్ చర్చిల్ అదే చేశాడు. సభలోకి వచ్చి, స్పీకర్‌కి నమస్కరించి, కన్సర్వేటివ్ బెంచీల వైపు వెళ్లకుండా తిరిగి లిబరల్స్‌లో లాయిడ్ జార్జ్ పక్కన కూర్చున్నాడు. రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ సొంత గూటికి చేరుకున్నాడు. ఇప్పటి మన పత్రికలు అప్పుడుంటే ఆయన కండువాల లెక్క ఎలా రాసేవో ఊహించుకోండి.

ఆ సభా మందిరం రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిపోయింది. తిరిగి కట్టేటప్పుడు అర్ధచంద్రాకారం వద్దు, పాత పద్ధతిలో ఎదురెదురు బెంచీలే ఉండాలని 1943లో పట్టుబట్టినవాడు కూడా చర్చిలే. నేల దాటడమంటే ఎంత కష్టమో రెండుసార్లు అనుభవించినవాడు కదా, ఆ నేల అలాగే ఉండాలన్నాడు.

ఇంకో చిక్కు: ఆస్ట్రేలియాలో "క్రాస్ ద ఫ్లోర్" అంటే పార్టీలో ఉంటూనే ఎదుటివాళ్లతో కలిసి ఓటేయడం. కాబట్టి వార్త ఏ దేశానిదో చూసుకున్నాకే తెలుగు మాట ఎంచుకోండి.

లెఫ్ట్, రైట్ అనే మాటలకీ సీట్లకీ సంబంధం ఉందా?

ఉంది. 1789లో ఫ్రాన్స్ జాతీయ అసెంబ్లీలో, చట్టాలను అడ్డుకునే అధికారం రాజుకి ఉండాలా వద్దా అని వాదన జరిగింది. ఉండాలన్నవాళ్లు సభాధ్యక్షుడి కుడివైపు, రాజు అధికారాన్ని కత్తిరించాలన్నవాళ్లు ఎడమవైపు చేరారు. మన "వామపక్షం" అక్కడి నుంచే. వామం అంటే ఎడమ.

## మన సభల్లో ఈ మాట

లోక్‌సభలో ఐల్ ఉందా?

ఒకటి కాదు, చాలా ఉన్నాయి. సీట్లు గుర్రపు నాడా ఆకారంలో బ్లాకులు బ్లాకులుగా ఉంటాయి. స్పీకర్ కుడిచేతి వైపు అధికారపక్షం, ఎడమచేతి వైపు ప్రతిపక్షాలు. 2023 మే 28న ప్రారంభమైన కొత్త భవనంలో లోక్‌సభ మందిరానికి 888 సీట్లు కట్టారు. ఆకారం మారలేదు. ఇటు ఒకరు అటు ఒకరు అనే ఒకే ఒక్క దారి లేదు కాబట్టి మన ఇంగ్లిష్‌లో "ట్రెజరీ బెంచెస్", "అపోజిషన్ బెంచెస్" అనే మాటలే స్థిరపడ్డాయి. మన టీవీల్లో ఎక్కువగా వినపడే సభా స్థలం ఐల్ కానే కాదు, వెల్, అంటే స్పీకర్ స్థానం ముందున్న ఖాళీ జాగా. "వెల్‌లోకి దూసుకెళ్లారు", "పోడియాన్ని చుట్టుముట్టారు" అనేవి రాయడానికి డెస్కులో ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు.

అయితే ఇండియాలో ఈ మాట ఎవరూ వాడరా?

వాడతారు. ఇంగ్లిష్ సంపాదకీయాల్లో మామూలే. కేంద్ర మాజీ ఆర్థిక మంత్రి పి.చిదంబరం ఒక ఇంగ్లిష్ దినపత్రికలో రాసే వారపు కాలమ్ పేరే "అక్రాస్ ద ఐల్". మన దగ్గర దాని అర్థం కాస్త పలచబడి "అవతలి పక్షం మాట" అన్నట్టుగా నడుస్తోంది.

మన ఎమ్మెల్యేలు, ఎంపీలు అమెరికావాళ్లలా బిల్లు బిల్లుకీ ఇష్టం వచ్చినట్టు ఓటేయలేరా?

పార్టీ విప్ జారీ చేస్తే, అంటే ఫలానా వైపే ఓటేయాలని ఆదేశిస్తే, వేయలేరు. 1967లో హరియాణాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పదిహేను రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. "ఆయారామ్ గయారామ్" అనే మాట ఆయన పుణ్యమే. ఆ రోగానికి మందుగా 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూల్ చేర్చారు. దాని ప్రకారం స్వచ్ఛందంగా పార్టీని వదిలేసినా, ముందుగా అనుమతి తీసుకోకుండా విప్‌కి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కి దూరంగా ఉన్నా అనర్హత వేటు పడవచ్చు. పార్టీ పదిహేను రోజుల్లోగా క్షమిస్తే సరి. మొదట్లో మూడో వంతు మంది చీలితే తప్పు లేదనేవారు. 2003లో 91వ సవరణతో ఆ వెసులుబాటూ తీసేశారు.

నా ఉద్దేశంలో ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. గోడ దూకేవాళ్లను పట్టడానికి వేసిన వల సీట్లోంచి చెయ్యి చాచేవాళ్లను కూడా పట్టేసింది. పైగా పెద్ద చేపలు దూకుతూనే ఉన్నాయి, నిర్ణయం స్పీకర్ దగ్గర నెలల తరబడి నలుగుతూ ఉంటుంది. అమెరికాలో ఈ మాట రోజూ వినపడి మన సభల్లో వినపడకపోవడానికి ఇదో ముఖ్యమైన కారణం.

విప్ లేని ఓటు మన దగ్గర అసలు ఉండదా?

రాష్ట్రపతి ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యం. 1969 ఆగస్టులో దీని బలం ఏమిటో ఇద్దరు తెలుగువాళ్ల మధ్య పోటీలో తేలింది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇండిపెండెంట్‌గా నిలబడినవారు వి.వి.గిరి. ప్రధాని ఇందిరాగాంధీ తన పార్టీవాళ్లను అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. గిరి గెలిచారు. కాంగ్రెస్ ఆ ఏడాదే చీలింది. సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. "అంతరాత్మ ప్రబోధం" అనే మాట మాత్రం తెలుగు రాజకీయాల్లో ఉండిపోయింది, ఇప్పుడు ఎక్కువగా వెటకారానికే వాడుతున్నారు.

ఓటు సంగతి సరే, మన నాయకులు అవతలి పక్షానికి చెయ్యి చాచిన మంచి ఉదాహరణ ఒకటి చెప్పండి.

1994. కశ్మీర్ మీద పాకిస్తాన్ జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ ముందు తీర్మానం పెట్టింది. ప్రధాని పి.వి.నరసింహారావు భారత ప్రతినిధి బృందానికి నాయకుడిగా అటల్ బిహారీ వాజపేయిని పంపారు. అప్పుడు వాజపేయి లోక్‌సభలో ప్రతిపక్ష నేత. కాంగ్రెస్ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆ బృందంలో ఉన్నారు. పాకిస్తాన్ ఓటింగ్ దాకా వెళ్లకుండానే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. పీవీ పార్టీ పీవీదే, వాజపేయి పార్టీ వాజపేయిదే. రీచింగ్ అక్రాస్ ద ఐల్‌కి ఇంతకంటే చక్కని తెలుగు ఉదాహరణ నాకు దొరకలేదు.

## తెలుగు చేసేటప్పుడు

"నడవాకు అవతల ఉన్న మిత్రులు" అని రాస్తే తప్పా?

మాటకి మాట సరిపోతుంది, పాఠకుడికి మాత్రం ఆస్పత్రి వరండా కనిపిస్తుంది. వద్దు.

మరి తెలుగులో ఏమని రాయాలి?

సందర్భాన్ని బట్టి. "బోత్ సైడ్స్ ఆఫ్ ద ఐల్" ఉంటే "ఇరుపక్షాలూ" లేదా "రెండు పార్టీలవారూ". "రీచ్ అక్రాస్ ద ఐల్" ఉంటే "ప్రత్యర్థి పక్షానికి చెయ్యి చాచారు". "వర్క్ అక్రాస్ ద ఐల్" ఉంటే "పార్టీలకతీతంగా పనిచేశారు". ఈ "పార్టీలకతీతంగా" మన పత్రికల్లో బాగా నలిగిన మాటే అయినా చటుక్కున అర్థమవుతుంది. అయితే ఒక జాగ్రత్త. అతీతం అంటే పార్టీని మించిపోయినట్టు. ఇంగ్లిష్ మాటలో పార్టీ అలాగే ఉంటుంది, మనిషి చెయ్యి మాత్రమే అవతలికి వెళుతుంది. ఓటు వార్త అయితే ఇంకా విప్పి రాయండి: "సొంత పార్టీని కాదని ప్రతిపక్షంతో కలిసి ఓటేశారు." రెండు మాటలు ఎక్కువైనా ఫర్వాలేదు, "పార్టీ మారారా?" అని ఎవరూ ఫోన్ చేయరు.

గోడ దూకడం, కండువా మార్చడం, జంప్ జిలానీ. వీటిలో ఏదైనా సరిపోతుందా?

ఒక్కటీ సరిపోదు. అవన్నీ పార్టీ మారినవాళ్లకి. అవతలికి వెళ్లిపోయినవాడిని తిట్టడానికి మన దగ్గర ఇన్ని మాటలున్నాయి. ఇక్కడే కూర్చుని అవతలివాడితో మంచికి కలిసేవాడికి సూటి మాట ఒక్కటీ లేదు.

"అఖిలపక్షం" అని రాయవచ్చా?

అన్ని పార్టీలనూ పిలిచి కూర్చోబెడితే అఖిలపక్ష సమావేశం. ఇద్దరు ముగ్గురు సభ్యులు తమంత తాము కలిసి పనిచేస్తే అది అఖిలపక్షం కాదు. అఖిలపక్షంలో టీ, బిస్కెట్లు, బయటికొచ్చాక విలేకరుల ముందు ఎవరి మాట వాళ్లది ఉంటాయి. కలిసి పనిచేయడం ఉండాలనేం లేదు.

"ఆన్ ద ఫెన్స్" అంటే మన గోడ మీద పిల్లేనా?

సగం. ఇంగ్లిష్‌లో కంచె మీద కూర్చున్నవాడు ఇంకా తేల్చుకోనివాడు, దానిలో పెద్ద నింద లేదు. మన గోడ మీద పిల్లి ఎటు పాలుంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. "గోపి" అని ముద్దుగా పొట్టిచేసుకున్నాం కూడా. నింద లేకుండా చెప్పాలంటే "తటస్థంగా ఉన్నారు" అనండి. తటం అంటే ఒడ్డు, ఒడ్డున నిలబడినవాడు తటస్థుడు.

## మీరే మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు

ఆఫీసులో వాడవచ్చా? మా టీముకీ టెస్టింగ్ టీముకీ ఎప్పుడూ పడదు.

సరదాగా అయితే వాడండి. "లెట్ అజ్ రీచ్ అక్రాస్ ద ఐల్" అంటే నవ్వుతారు, టెన్షన్ కాస్త తగ్గుతుంది. సీరియస్ మెయిల్‌లో మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది, మీరేదో పార్టీ పెట్టినట్టు. అక్కడ "వర్క్ విత్ ద అదర్ టీమ్" అని మామూలుగా రాస్తే చాలు.

"అక్రాస్ ద టేబుల్" అన్నా ఒకటేగా?

కాదు. బల్లకి అటూ ఇటూ కూర్చునేది బేరానికి. అమ్మేవాడు, కొనేవాడు. యాజమాన్యం, యూనియన్. ఐల్‌కి అటూ ఇటూ ఉండేది ఒకే సభలోని సభ్యులు.

"అక్రాస్ ద ఐల్స్" అని బహువచనంలో రాస్తే?

రాజకీయపు అర్థంలో ఎప్పుడూ ఏకవచనమే, ముందు "ద" తప్పనిసరి. "ఐల్స్" అన్నారంటే వినేవాళ్లకి పప్పుదినుసుల వరస గుర్తొస్తుంది. విమానంలో "హీ శాట్ అక్రాస్ ద ఐల్ ఫ్రమ్ మీ" అంటే మాత్రం మీ పక్క వరసలో కూర్చున్నాడని, అంతే. ఆయన ఏ పార్టీయో మీరే అడిగి తెలుసుకోవాలి.